పది సెంటీమీటర్ల తోలు: ఇంట్లో బరువులెత్తేవారికి ఏ బెల్టు?

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని పెనుగొలను చుట్టుపక్కల బరువులెత్తడం కొత్త విద్యేమీ కాదు. వరి, పత్తి, మిర్చి, మామిడి పండే నేల ఇది. 75 కిలోల ధాన్యం బస్తాను వీపున వేసుకుని లారీకెక్కించే హమాలీకి కాళ్లతో బరువు ఎలా లేపాలో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కొత్తగా వచ్చింది ఇంటి జిమ్. డాబా మీద రేకుల షెడ్డులోనో, ఖాళీగా ఉన్న ముందుగదిలోనో ఒక రాడ్డు, నాలుగు జతల ప్లేట్లు, ఒక స్టాండు పెట్టుకుంటే చాలు. పొలం పనో, ఉద్యోగమో ముగించుకుని రోజూ తిరువూరు దాకా వెళ్లి రాలేనివాళ్లకు ఇది సులువైన దారి.

సరంజామా అమరిన కొన్నాళ్లకు ఒక సందేహం తప్పకుండా వస్తుంది: నడుముకు బెల్టు కావాలా? కావాలంటే ఏది? ఆన్‌లైన్ అంగట్లో వందల్లో ధర పలికే స్పాంజి బెల్టులూ ఉన్నాయి, వేలల్లో పలికే మందపాటి తోలు బెల్టులూ ఉన్నాయి. ప్రతి దాని కిందా "నడుముకు రక్షణ" అనే రాసి ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతోంది. బెల్టును నడుము నొప్పికి మందులా కొనేవాళ్లే ఎక్కువ. నిజానికి అది బలం పెంచే సాధనం, అదీ ఊపిరి బిగించడం తెలిసినవాళ్లకే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తోలు, మందం, వెడల్పు, బకిల్ గురించిన ప్రశ్నలన్నీ వాటంతటవే విడిపోతాయి.

బెల్టు చేసే పని

స్క్వాట్‌లో రాడ్డు భుజాల మీద ఉంటుంది, బలం పాదాల నుంచి వస్తుంది. ఈ రెంటినీ కలిపేది మొండెం. అది వంగిపోతే కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా రాడ్డుకు చేరదు. మొండెం వెనక వైపున వెన్నెముక ఉంది. ముందు వైపున పొట్ట దగ్గర ఎముక లేదు, కండరమూ పేగులూ మాత్రమే ఉన్నాయి. అక్కడ గట్టిదనం తెచ్చేది గాలి. నిండా ఊపిరి పీల్చితే విభాజక పటలం కిందికి దిగుతుంది. పొట్ట కండరాలు బిగిస్తే చుట్టూ గోడ ఏర్పడుతుంది. ఆ రెంటి మధ్య ఒత్తిడి పెరిగి మొండెం దిమ్మెలా నిలుస్తుంది. మూతి దాకా నింపి కుట్టిన బస్తా నిటారుగా నిలబడుతుంది, సగం నింపిన బస్తా పక్కకు ఒరిగిపోతుంది, తేడా అంతే.

బెల్టు ఈ గోడకు బయటి నుంచి ఇచ్చే దన్ను. పొట్టను ముందుకూ పక్కలకూ తోసినప్పుడు బెల్టు సాగకుండా ఎదురు నిలుస్తుంది, లోపలి ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది. పొట్ట లోపలికి పీల్చుకుని బెల్టు బిగించి, వదులు ఊపిరితో బరువెత్తేవాడికి అది చేసే మేలు చాలా తక్కువ.

ఊపిరికీ బలానికీ ఉన్న ఈ లంకె మన వస్తాదులకు ముందే తెలుసు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాధన చేసి, సర్కస్ నడిపి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగించి తెంచేవారు. ఆయన ప్రదర్శనల్లో వాయుస్తంభనకు ప్రత్యేక స్థానం ఉండేది. ఇప్పటి కోచ్‌లు బ్రేసింగ్ అని నేర్పేది, తీరు వేరైనా, ఆ దారిలోదే.

పరిశోధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయి?

బెల్టు మీద పరిశోధనలు చాలానే ఉన్నాయి. వాటిని రెండు కుప్పలుగా వేరు చేయాలి.

మొదటి కుప్ప బరువులెత్తే వ్యాయామం గురించినది. 1989లో హర్మన్ బృందం డెడ్‌లిఫ్ట్ మీద చేసిన అధ్యయనంలో బెల్టుతో పొట్టలోని ఒత్తిడి పెరిగినట్టు తేలింది. 1992లో ల్యాండర్ బృందం వరసగా పలుమార్లు చేసే స్క్వాట్ల మీద పరీక్షించి అదే ధోరణి గమనించింది. 2001లో జింక్ బృందం, ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 90 శాతంతో స్క్వాట్లు చేయించి చూసింది. కండరాల పనిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, రాడ్డు మాత్రం బెల్టుతో వేగంగా పైకి లేచింది. బెల్టు పెట్టుకుంటే నడుము కండరాలు సోమరులవుతాయన్న భయానికి ఈ ఫలితం పెద్దగా బలం ఇవ్వదు.

మన ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది 2006లో కింగ్మా బృందం చేసిన అధ్యయనం. అనుభవం ఉన్న తొమ్మిది మంది వెయిట్‌లిఫ్టర్లతో బిగువైన, గట్టి బెల్టు పెట్టించి చూశారు. ఎత్తే ముందు ఊపిరి పీల్చి బిగించినప్పుడు వెన్నెముక మీద పడే నొక్కుడు సుమారు 10 శాతం తగ్గింది. ఆ తగ్గుదలకు పొట్టలోని ఒత్తిడి కన్నా, వంగకుండా ఎదురు నిలిచిన బెల్టు గట్టిదనమే ముఖ్య కారణమని వాళ్లు తేల్చారు. అంటే బెల్టు గట్టిగా ఉండాలి, బిగువుగా ఉండాలి, ఎత్తే మనిషి ఊపిరి పట్టాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా లాభం కరిగిపోతుంది. మెత్తటి స్పాంజి బెల్టు మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది.

రెండో కుప్ప కూలీలు, గిడ్డంగి పనివాళ్ల గురించినది. గాయం లేని కార్మికులకు బెల్టు నడుము దెబ్బలను తగ్గిస్తుందని రుజువు కాలేదని 1994లోనే అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రకటించింది. 2000లో ఆ దేశపు వైద్య పత్రిక జామాలో వచ్చిన అధ్యయనం చాలా పెద్దది. 160 కొత్త దుకాణాల్లో సరుకు మోసే 9,377 మంది ఉద్యోగులను గమనించారు. బెల్టు పెట్టుకున్నవారికీ పెట్టుకోనివారికీ నడుము నొప్పిలోగాని, నష్టపరిహార దావాల్లోగాని తేడా కనిపించలేదు.

ఈ రెండు కుప్పలకూ నిజంగా పేచీ లేదు. రోజంతా వందల సార్లు వంగి లేచే హమాలీ ప్రతిసారీ నిండా ఊపిరి పట్టి, బెల్టు బిగించి బస్తా ఎత్తలేడు. బెల్టు పనిచేసేది కొద్ది క్షణాల గరిష్ఠ ప్రయత్నంలో. కాబట్టి "పొద్దంతా నడుము లాగేస్తోంది, బెల్టు కొనుక్కుంటా" అనేవాడు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. "స్క్వాట్లో ఆఖరి రెండు సెట్లు బరువుగా ఉన్నాయి, ఊపిరి పట్టడం వచ్చింది" అనేవాడు బెల్టు గురించి ఆలోచించవచ్చు.

ఎవరు ఆగాలి?

ఊపిరి బిగించి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. 1985లో మెక్‌డూగల్ బృందం బాడీబిల్డర్ల ధమనిలోనే సూది పెట్టి కొలిచింది. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తుండగా సగటు గరిష్ఠ రక్తపోటు 320/250 దాకా చేరింది, ఒకరికి 480/350 నమోదైంది. ఆరోగ్యవంతుడి గుండె, రక్తనాళాలు దీన్ని కొన్ని క్షణాలు తట్టుకుంటాయి. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, కంటి రెటీనా సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు, ప్రసవమై ఎంతో కాలం కానివాళ్లు వైద్యుణ్ని అడగకుండా బెల్టు జోలికి పోకూడదు. మన ఊళ్లలో నలభై దాటినవారు బీపీ చూపించుకోకుండానే ఏళ్లు గడిపేయడం మామూలే గనక, బెల్టుకు డబ్బు పెట్టే ముందు బీపీ కొలిపించుకోవడం మంచిది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లూ ఆగాలి. మొదటి నెలల్లో రాడ్డు మీద బరువు పెరిగేది చాలావరకు ఎత్తే పద్ధతి కుదురుకోవడం వల్ల. ఆ దశలో బెల్టు లేకుండా ఊపిరి పట్టడం అలవాటైతే, తరువాత బెల్టు దాన్ని పెంచుతుంది. ముందే బెల్టు తగిలిస్తే ఆ పాఠం వెనకబడుతుంది.

ఒక పేరు, రెండు ఆటలు

అంగట్లో అన్నిటినీ వెయిట్‌లిఫ్టింగ్ బెల్టులనే అమ్ముతారు. ఆటలు మాత్రం వేరు. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ ఉన్నది వెయిట్‌లిఫ్టింగ్. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ ఉన్నది పవర్‌లిఫ్టింగ్. తెలుగు నేల రెంటిలోనూ పేరున్నదే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలతో స్వర్ణం గెలిచిన రాగాల వెంకట్ రాహుల్‌ది స్టువర్టుపురం. విజయనగరం దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరిగానే తెలుసు. పవర్‌లిఫ్టింగ్‌లో మంగళగిరి అమ్మాయిలు అంతర్జాతీయ పతకాలు తెచ్చారు. అంతకు ముందు తరంలో వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు ఉన్నారు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి పెట్టింది ఆయన పేరే. 1963 నాటి "నర్తనశాల"లో భీముడూ ఆయనే.

ఈ తేడా బెల్టు ఆకారాన్ని నిర్ణయిస్తుంది. క్లీన్, స్నాచ్ చేసేటప్పుడు రాడ్డు పొట్టకు ఆనుకున్నట్టుగా పైకి వస్తుంది. ముందు వైపు వెడల్పుగా, మందంగా ఉన్న బెల్టు దానికి అడ్డొస్తుంది. అందుకే ఈ ఆటవాళ్లు వెనక వెడల్పుగా ఉండి ముందుకు సన్నబడే తోలు బెల్టునో, వెల్క్రోతో బిగించే నైలాన్ బెల్టునో వాడతారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు.

పవర్‌లిఫ్టింగ్‌లో గరిష్ఠ వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు. లోపల మెత్త కుట్టకూడదు. ఈ ఆట బెల్టు చుట్టూ ఒకే వెడల్పుతో ఉంటుంది. అందులో తర్కం ఉంది. పొట్ట తోసేది ముందుకూ పక్కలకూ కాబట్టి దన్ను అక్కడా కావాలి. వెనక ఆరంగుళాలు, ముందు రెండంగుళాలు ఉన్న బెల్టు వీపును కప్పుతుందే తప్ప పొట్టకు గోడ కట్టదు.

ఇంటి జిమ్‌లో చాలామంది చేసేది స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్, భుజాల మీదికి ప్రెస్. వాళ్లకు ఒకే వెడల్పున్న 10 సెంటీమీటర్ల బెల్టే సరి. పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య చోటు తక్కువున్నవాళ్లకు, ముఖ్యంగా పొట్టి మొండెం ఉన్న స్త్రీలకు, ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పు బాగుంటుంది. డెడ్‌లిఫ్ట్‌కు వంగినప్పుడు 10 సెంటీమీటర్ల బెల్టు పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే మగవాళ్లూ దాన్నే ఎంచుకోవచ్చు.

తోలు సంగతి

తోలు బెల్టు గట్టిదనం చాలావరకు తోలును ఊనిన, అంటే టానింగ్ చేసిన, తీరు మీద ఆధారపడుతుంది. చెట్ల బెరళ్లు, కాయల్లోని టానిన్లతో ఊనితే తోలు బిగువుగా, నిలువుగా ఉంటుంది. ఈ పని వారాల తరబడి సాగుతుంది. క్రోమియం లవణాలతో ఊనితే త్వరగా అయిపోతుంది. ఆ తోలు మెత్తగా, సాగేలా ఉంటుంది కాబట్టి చేతిసంచులకూ బూట్ల పైభాగానికీ బాగుంటుంది. బెల్టు మధ్య పొరకు కావలసింది మొదటి రకం.

ఈ విషయంలో దక్షిణాదికి పాత నైపుణ్యం ఉంది. మన బీళ్లలో పసుపు పూలతో కనిపించే తంగేడు బెరడు, కరక్కాయ తరతరాలుగా ఇక్కడ తోళ్లు ఊనడానికి వాడినవే. దేశపు తోలు విజ్ఞానాన్ని శాస్త్రంగా నిలబెట్టిన వ్యక్తి కూడా తెలుగువాడే: తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు సారథ్యం వహించి, 1985 జూన్ 23న కనిష్క విమాన పేలుడులో కన్నుమూశారు. గ్రామీణ చర్మకారుడి పనిని ఆధునిక పరిశ్రమతో కలపాలన్నది ఆయన తపన.

ఇక అంగట్లోని మాటలు. "జెన్యూన్ లెదర్" అన్న ముద్ర తోలు ఉందని చెబుతుంది, ఏ పొర, ఎంత మందం, ఎలా ఊనారు అన్నది చెప్పదు. "బాండెడ్ లెదర్" అంటే తోలు పొడిని జిగురుతో అచ్చు పోసినది. కొన్నాళ్ల బిగింపుకు అది పొరలుగా ఊడుతుంది. పైన రెండు మిల్లీమీటర్ల తోలు, లోపల స్పాంజి ఉన్న బెల్టుదీ అదే గతి. గేదె తోలైనా ఆవు తోలైనా ఫరవాలేదు. గేదె తోలు పైకి గరుకుగా ఉన్నా మందంగా వస్తుంది. గుర్రపు జీనులకు పేరున్న కాన్పూరు గట్టి తోలు పనికి పాత కేంద్రం.

ఇంటికొచ్చిన బెల్టును పరీక్షించడం తేలికే. అంచు చూడండి. రెండో మూడో తోలు పొరలు అతికి, పొడవునా కుట్టు వరసలతో ఉండాలి. మధ్యలో నురుగులాంటి పదార్థం కనిపిస్తే తిప్పి పంపండి. తరవాత తూచండి. 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవున్న తోలు వెయ్యి ఘన సెంటీమీటర్లు. కాబట్టి బకిల్‌తో కలిపి కిలోకు అటూ ఇటూ తూగాలి. అరకిలో తూగే "పది మిల్లీమీటర్ల" బెల్టులో ఏదో తేడా ఉంది.

చెప్పుల అడుగుకు వాడే గట్టి తోలు దొరికితే, పనితనమున్న చర్మకారుడు రెండు పొరలు అతికి, కుట్టి, ఉక్కు బకిల్ బిగించి మంచి బెల్టే చేయగలడు. పోటీకి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం తమ సమాఖ్య ఆమోదించిన తయారీల జాబితా చూసుకున్నాకే కొనాలి.

మందం, బకిల్, కొలత

13 మిల్లీమీటర్ల బెల్టు బరువైనది, లొంగడానికి నెలలు పడుతుంది, తుంటి దగ్గర ఒరుస్తుంది. భారీ బరువులెత్తే పోటీదారుకు ఆ బాధ గిట్టుబాటు కావచ్చు. ఇంట్లో ఎత్తేవాళ్లలో అత్యధికులకు 10 మిల్లీమీటర్లు చాలు.

బకిల్ మూడు రకాలు. ఒంటి ముల్లుది సులువు, మన్నిక. జంట ముల్లుది చూడ్డానికి బలంగా కనిపిస్తుంది, కానీ ఊపిరి బిగించిన మనిషికి రెండు ముళ్లనూ ఒకేసారి రంధ్రాల్లోకి దూర్చడం చిరాకు. లివర్ బకిల్ ఒక్క తోపుతో బిగుస్తుంది, ఒక్క లాగుతో వదులవుతుంది. అయితే కొలత మార్చాలంటే స్క్రూలు విప్పాలి. ఇంట్లో అన్నాచెల్లెళ్లో, ఇద్దరు స్నేహితులో ఒకే బెల్టు పంచుకుంటే ఒంటి ముల్లే నయం. ఒక్కరే వాడుతూ, నడుము కొలత స్థిరంగా ఉంటే లివర్‌కు డబ్బు పెట్టవచ్చు. రంధ్రాల మధ్య దూరం కూడా చూడాలి. అంగుళం ఎడం ఉంటే ఒక రంధ్రం వదులు, తరవాతిది ఊపిరాడని బిగువు అయ్యే అవకాశం ఉంది. అరంగుళం ఎడం ఉన్నది హాయి.

కొలత తప్పితే బెల్టు తిరిగి పంపాల్సి వస్తుంది. ప్యాంటు సైజు చూసి కొనకూడదు. ప్యాంటు తుంటి మీద నిలుస్తుంది, బెల్టు బొడ్డు దగ్గర కూర్చుంటుంది. వ్యాయామం చేసే బనీను మీదుగా, పొట్ట లోపలికి పీల్చకుండా, బొడ్డు చుట్టూ టేపుతో కొలిచి ఆ అంకెను తయారీదారు పట్టికలో చూడాలి. ఆ కొలత బెల్టు నడిమి రంధ్రం దగ్గర పడేలా ఎంచుకుంటే, బరువు పెరిగినా తగ్గినా అదే బెల్టు సరిపోతుంది.

వాడకం, జాగ్రత్త

వేడెక్కే సెట్లకు బెల్టు అక్కర్లేదు. బరువు నిజంగా పరీక్ష పెట్టే చివరి సెట్లకే పెట్టుకోండి. ఊపిరి పీల్చుకోవడానికి చోటుండాలి, పొట్ట తోసినప్పుడు బెల్టు అన్ని వైపులా గట్టిగా తగలాలి. మామూలుగా నిలుచున్నప్పుడు ఒక వేలు దూరితే బిగువు సరిగ్గా ఉన్నట్టే. ఊపిరిని ఒక్కో ఎత్తుకు పట్టి, పైకి లేచాక వదిలి మళ్లీ పీల్చాలి. సెట్ అయిపోగానే బెల్టు సడలించాలి.

కొత్త బెల్టు చెక్కలా ఉంటుంది. రోజూ కాసేపు చాప చుట్టినట్టు అటూ ఇటూ చుట్టి విప్పుతుంటే లొంగుతుంది. మెత్తబడాలని నూనెలో ముంచితే డబ్బు పెట్టి కొన్న గట్టిదనమే పోతుంది. రేకుల షెడ్డులో ఎండాకాలం వేడికి తోలు ఎండి పగులుతుంది, వానాకాలం తేమకు బూజు పడుతుంది. చెమట తుడిచి, నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయాలి. ఎండలో ఆరబెట్టకూడదు, ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకూడదు.

చివరి లెక్క

ఇంటి జిమ్‌లో డబ్బు పెట్టే వరసలో బెల్టుది ముందు స్థానం కాదు. ఒంటరిగా ఎత్తేవాడికి పక్కన పట్టేవాళ్లుండరు. స్టాండుకు రెండు వైపులా రాడ్డును ఆపే సేఫ్టీ కడ్డీలు లేకపోతే ఎంత మంచి బెల్టూ ప్రమాదం నుంచి కాపాడలేదు. ముందు అవి, తరువాత మెత్త లేని చదునైన అడుగున్న బూట్లు, ఆ తరవాతే బెల్టు.

ఆ వంతు వచ్చినప్పుడు ఎంపికకు తడబడనక్కర్లేదు: ఒకే వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 10 మిల్లీమీటర్లు, పొరలు అతికి కుట్టిన గట్టి తోలు, ఒంటి ముల్లు, బొడ్డు దగ్గర తీసిన కొలత. పొట్టి మొండెమైతే వెడల్పు ఏడున్నర. స్నాచ్, క్లీన్ చేసేవాళ్లకు ముందు సన్నబడేది. చేతిలో అంత డబ్బు లేకపోతే స్పాంజి బెల్టుతో సరిపెట్టుకోవడం కన్నా బెల్టు లేకుండా సాగడమే నయం. సరైన తోలు బెల్టు ఏళ్ల తరబడి మన్నుతుంది కాబట్టి ఆరు నెలలు ఆగి కొన్నా పోయేదేమీ లేదు. ఆ ఆరు నెలల్లో ఊపిరి బిగించడం వంటబట్టించుకున్నవాళ్లకే పెట్టిన ప్రతి రూపాయీ తిరిగొస్తుంది.